జ్వరం అన్నప్పుడల్లా పెరిగే హాలు

సోమవారం నుంచి మా ఆయన మణికట్టులో బూట్ల చప్పుడు వినిపిస్తోంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ముందు గోడ గడియారం అనుకున్నాను. దాన్ని తీసి పక్కింట్లో పెట్టి వచ్చి మళ్ళీ విన్నాను. చప్పుడు ఆయనలోనే ఉంది.

మా ఆయన జోగారావు సైన్యంలో హవల్దారు. సెలవు ఈరోజుతో అయిపోతుంది. సాయంత్రం బండికి తిరిగి మంచుకొండ మీది పోస్టుకి వెళ్ళాలి. విజయనగరంలో మేముండే ఈ వీధిలో అన్నీ సైనికుల కుటుంబాలే. ఎవరిని ఎలా ఉన్నావని అడిగినా ఒకటే జవాబు, ‘సబ్ ఠీక్’. అంతా బాగుందని సాయంత్రం హాజరులో అప్పజెప్పే మాట అది. ఇంటికి వచ్చినా నోరు వదలదు.

నాకు ఆయన మీద అనుమానంగా ఉంది. ఇంకో ఆడదాని అనుమానం కాదు. ఆయన మరీ నెమ్మదిగా ఉన్నారు. ఎవరినీ ముట్టుకోనివ్వని రేడియోని నిన్న ఎదురింటి ఈశ్వరమ్మ మొగుడికి ఇచ్చేశారు. గ్యాస్ బండ మార్చడం నా చేత మూడుసార్లు చేయించారు. కాగితాలు ఏ అరలో ఉన్నాయో చూపించి, ఆ అర మళ్ళీ నా చేతే తెరిపించారు.

“ఏటండీ ఇదంతా?” అని అడిగాను.

“ఏట్లేదే. సబ్ ఠీక్.”

మా హాలు పెళ్ళైన కొత్తలో పన్నెండడుగులు. ఇప్పుడు నలభై రెండు. ఇంటి ఓనరుకి ఇంకా తెలియదు. ఎప్పుడు పెరుగుతుందో కనిపెట్టాను. మామగారు ఎలా పోయారని ఎవరైనా అడిగినప్పుడు మా అత్త ‘జ్వరం’ అంటుంది. అన్నప్పుడల్లా ఒక గజం. మామగారిదీ సైన్యమే. మా ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు పోస్టులోనే పోయారు. ఆ జ్వరానికి ఒక్క మందుచీటీ కూడా ఈ ఇంట్లో దొరకలేదు.

పదిన్నరకి సైనిక ఆసుపత్రి డాక్టరు కెప్టెన్ నళిని వస్తారు. నేనే ఫోన్ చేసి పిలిపించాను. ఆయనకి చెప్పలేదు.

ఆమె సంచిలోంచి సూది తీయరు, ఖాళీ దారపు కండె తీస్తారు. మా అత్త ఎగాదిగా చూస్తుంది.

“నీకు తుపాకీ ఇచ్చారా తల్లీ, దారం సుట్టుకోమన్నారా?”

“రెండూ ఇచ్చారమ్మా. ఇవాళ దారం డ్యూటీ.”

కెప్టెన్ మా ఆయన మణికట్టు మీద గోటితో గీరి, ఒక కొస పట్టుకుని లాగుతారు. ఖాకీ దారం వస్తుంది. నెత్తురు రాదు. వేళ్ళతో తడుముతూ చుట్టుకుంటూ ఒకచోట ఆగుతారు.

“ఇక్కడ ముడి ఉంది. ఇది మీది కాదు, మీ నాన్నగారి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన ఎలా పోయారు?”

“జ్వరం,” అంటుంది అత్త.

అవతలి గోడ ఒక గజం జరుగుతుంది. దాంతోపాటు, దాన్ని ఆనుకుని మా ఆయన కూర్చున్న కుర్చీ కూడా. దారం బిగుసుకుంటుంది.

“ఏ జ్వరం?”

“జ్వరమంటే జ్వరమే. అందులో రకాలేటి?”

ఇంకో రెండు గజాలు. ఆ చివర ఇప్పుడు రైల్వే ప్లాట్‌ఫారం అంచు కనిపిస్తోంది. బండి ఇంకా రాలేదు. ఆయన కుర్చీ కింద పట్టాలు మొదలవుతున్నాయి.

“ముడి ఉంటే మనిషి పోతాడా మేడమ్?” అని అడుగుతాను.

“పోవాలని లేదమ్మా. ఇదే ముడితో ముసలివాళ్ళై మనవల్ని ఆడించిన సుబేదార్లున్నారు. ముడి ఉన్నచోట బరువు పడకుండా చూసుకోవాలి, అంతే. కానీ అది ఏ ముడో ఎవరూ చెప్పకపోతే, ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలియదు.”

నేను అత్త ముందు కూర్చుంటాను.

“అత్తా, నాకు నా మొగుడు కావాలి. ఇంకోసారి ఆ మాట అనకు.”

అత్త కొంగు నోట్లో కుక్కుకుంటుంది. తీస్తుంది.

“జ్వరం కాదు. ఆయన పేణం ఆయనే తీసుకున్నాడు. పెద్దోళ్ళంతా కూకుని జ్వరమని సెప్మన్నారు. నిజం సెప్తే నా గుంటడికి పిల్లనెవులిస్తారన్నారు.” నా వైపు తిరుగుతుంది. “మీ నాన్న ఇచ్చీవోడా?”

“ఇచ్చేవాడు కాదు,” అంటాను.

గోడ ఆగుతుంది. వెనక్కి మాత్రం రాదు.

“నాకు తెలుసమ్మా,” ఆ చివరి నుంచి మా ఆయన గొంతు వస్తుంది. “పదిహేనో ఏట తెలిసింది. నాన్న పెట్టెలో ఉత్తరం సదివాను.”

“మరి నన్నడగలేదేటిరా?”

“నువ్వు జ్వరాన్ని నమ్ముకుని బతుకుతున్నావనుకున్నాను. నీ దగ్గర్నుంచి అది కూడా లాక్కోడమెందుకని.”

కెప్టెన్ లేచి నిలబడి, హాజరు పిలిచే గొంతుతో అడుగుతారు.

“హవల్దార్ జోగారావు, ఎలా ఉన్నావు?”

“సబ్...” అని ఆగుతారు. “బాగోలేదు మేడమ్. రెండేళ్ళైంది బాగోక. ఈసారెళ్తే తిరిగి రాకూడదనుకున్నాను.”

“సెలవు పొడిగిస్తున్నాను. ఈ మధ్యాహ్నమే నాతో ఆసుపత్రికి వస్తున్నావు. నీ భార్య కూడా వస్తుంది. ఇది ఆర్డరు.”

“దీనికి మందుందా మేడమ్?”

“ఉంది. మాట్లాడే డాక్టర్లూ ఉన్నారు. జ్వరానికి ఉన్నన్ని ఉన్నాయి.”

ఆయన నవ్వుతారు. ఆ నవ్వుని కూడా అనుమానంగానే చూస్తాను. ఇక నుంచి ఇలాగే చూస్తాను. ఆయన విసుక్కున్నా సరే.

నేను ఆ చివరికి నడవడం మొదలుపెడతాను. నలభై రెండడుగులూ, తర్వాతి తొమ్మిదీ. దారిలో రెండుసార్లు దాహం వేస్తుంది. చేరేసరికి ఆయన కాళ్ళు పట్టాల మీద ఉన్నాయి. చేయి పట్టుకుని ఇవతలికి లాగుతాను.

“సెప్పండి. మొదట్నుంచి సెప్పండి.”

ఆయన నోరు తెరుస్తారు. మాట కంటే ముందు మంచు బయటికి వస్తుంది. మే నెల ఎండలో, తెల్లగా, పొడిగా, ఉండ్రాళ్ళ పిండిలా రాలుతుంది. ఆయన చెబుతూనే ఉన్నారు. మంచు మా మోకాళ్ళ దాకా వస్తుంది. అత్త చాటతో ఎత్తి వీధిలో పోయడానికి తలుపు తీస్తుంది. తీసి అలాగే నిలబడిపోతుంది.

ఎదురింటి ఈశ్వరమ్మ గడప కింద నుంచి కూడా మంచు వస్తోంది. దాని పక్కింటి కిటికీలోంచీ, ఆ పక్కింట్లోంచీ. వీధి చివరి దాకా ఆడవాళ్ళు చేతుల్లో చాటలతో గడపల మీద నిలబడి, ఒకరినొకరు చూసుకుంటున్నారు.