పలుచటి పప్పు

రెబెక్క పప్పులో ఇంకో చెంబు నీళ్లు పోస్తుండగా ముందు గదిలోంచి మొగుడి మాట వినపడింది. "ధరలా? ఏడ పెరిగినయ్? మా ఇంట్ల ఏం ఫరక్ పడలే. ఇంటి ఖర్చుకు నిరుడు ఎంతిచ్చిన్నో ఇప్పుడు గూడ గంతే ఇస్తున్న. మంచిగ ఎల్లిపోతున్నది."

ధరలు పెరిగినట్టు జనానికి ఎంతవరకు అనిపిస్తోందో తాండూరులో ఇంటింటికీ తిరిగి అడుగుతున్న నవనీత, తన ట్యాబ్‌లో 'మార్పు లేదు' అని నొక్కేసింది. రెబెక్క మొగుడు, బండల పాలిష్ మిల్లులో మేస్త్రీ అయిన ఇమ్మానుయేలు ఆ అమ్మాయికి టీ కూడా ఇప్పించాడు. పెట్టింది మాత్రం రెబెక్కే.

ఆమెకు ఒళ్లు మండింది. ఎల్లిపోతున్నదట! దానంతటదే ఎల్లిపోవడానికి అదేమన్నా కాగ్నా వాగా? కందులు పండే గడ్డ మీద ఉంటూ కందిపప్పును సొరకాయతో, చింతపులుసుతో సాగదీస్తున్నదెవరు? ఆటో మానేసి బజారుకు నడుస్తున్నదెవరు? పొద్దుగూకితే కూరగాయలు చవకవుతాయని కాచుక్కూర్చుంటున్నదెవరు? పిల్లలకూ ఆయనకూ వడ్డించాక అడుగున మిగిలిన నీళ్లు తను పోసుకుంటుంటే, "నీకు పలుచగుంటేనే ఇష్టం గదా" అన్నాడు పోయిన వారం. మహానుభావుడు! ఏడవాలో నవ్వాలో తెలియక రెబెక్క నవ్వేసింది. ఆ నవ్వులోనే ఒక ఆలోచన వచ్చింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పప్పు గరిటె నిలబడేంత చిక్కగా ఉడికింది. "మస్తుగైంది పో!" అంటూ ఇమ్మానుయేలు మారు వడ్డించుకున్నాడు. రెబెక్క కూడా ఎన్నాళ్లకో కడుపు నిండా తిన్నది. నెల సగం దాటిందో లేదో, డబ్బా ఖాళీ.

"పప్పేది?"

"అయిపోయింది."

"గప్పుడేనా? ఏం జేసినవ్?"

"వండిన. మొన్నటిదాంక నీళ్లు వండిన, గీ నెల పప్పు వండిన."

అతను విసురుగా సంచి అందుకుని బజారుకు పోయాడు. పోయినంత జోరుగా తిరిగి రాలేదు. "గంత జెప్తుండ్రేందే!" అన్నాడు గడపలోనే. రెబెక్కకు ఆ మాట పండగలా ఉంది.

సర్వే తర్వాతి విడతకు నవనీత మళ్లీ వచ్చింది. ఆ పిల్ల కూర్చోకముందే ఇమ్మానుయేలు అందుకున్నాడు. "రాస్కో చెల్లె! ఒక్క నెలల్నే ధరలు అమాంతం పెరిగినయ్!"

రెబెక్క పొయ్యి ఆర్పి వచ్చి, అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక్క నెలల పెరగలే బిడ్డా. ఇన్నొద్దులు గీ ఇంట్ల ధరలు పెరగకుంట ఆపింది నేను. ఇగ ఆప."