ఖైసర్ కడగని పలక

"అందరు ఉన్నరా?" అని మహెక్ చీకట్లో అడిగింది.

"ఉన్నం" అన్నాడు హరీష్. నేల మీద కూర్చున్న మిగతా నలుగురూ ఒకరి తర్వాత ఒకరు "ఉన్నం" అన్నారు. ఆఖరి గొంతు ఆగాక ఇంకొకరి కోసం చోటు మిగిలినట్టు చిన్న నిశ్శబ్దం. ఏడాదిగా ఆ నిశ్శబ్దమంటే మహెక్‌కు భయం. అందులో ఎవరో ఉన్నట్టే ఉంటుంది.

లేజర్‌కు అడ్డంగా పట్టుకున్న నల్ల అట్టను పైకెత్తింది. ఇసుక పెట్టెలో నిలబెట్టిన నిర్మల్ కొయ్య చిలుక ఎర్రగా వెలిగింది. పెట్టె మూలన ఖైసర్ గడియారం టిక్కు టిక్కుమంటోంది. నలభై టిక్కుల దాకా ఎవరూ ఊపిరి కూడా తీయకూడదు. పెళ్లయి ఇరవై రోజులే అయినా, మహెక్ తన డజను గాజులనూ గుమ్మం దగ్గరే తీసి రుమాలులో మూటగట్టి వచ్చింది. ముప్పై తొమ్మిది. నలభై. అట్ట దించింది.

"ఊపిరి తీస్కోండ్రి."

ఆ మాట అనడం ఫోటోనిక్స్ క్లబ్బు ప్రెసిడెంటు పని. పోయిన ఆగస్టు దాకా ఖైసర్ అనేవాడు. భైంసాలో ఉన్న వాళ్ల అమ్మీ దగ్గరికి బండి మీద పోతూ వాన నీళ్లతో పొంగిన వాగులో కొట్టుకుపోయాడు.

చిలుకకు ముందు పెట్టిన గాజు పలకను మందులో కడిగి, ఆరబెట్టి, లేజర్ ముందు పట్టారు. ఉత్త గాజు. చిలుక లేదు.

"పన్నెండోది" అన్నాడు సెక్రటరీ హరీష్. "గీ పాటికి మా బాపు సాంచె మగ్గం మీద రెండు తాన్ల బట్ట దింపుతుండె."

నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కొయ్య బొమ్మల్లో కంటికి కనపడని పగుళ్లను లేజర్ వెలుగుతో పట్టడం ఈ క్లబ్బు పరిశోధన. బొమ్మను ముందు, వెనుక, లోతుతో సహా గాజు పలక మీద నిలపాలి. దాన్నే హోలోగ్రామ్ అంటారు. ఆ నలభై టిక్కుల్లో ఏదైనా వెంట్రుక మందంలో వెయ్యో వంతు కదిలినా బొమ్మ రాదు. అందుకే మోటార్ సైకిల్ ట్యూబుల మీద ఇసుక పెట్టె, అందుకే క్యాంపస్‌లో బళ్లు తిరగని ఆదివారం మధ్యాహ్నాలు. ఖైసర్ ఉన్నప్పుడు పదిలో తొమ్మిది పలకలు వచ్చేవి. వాడు పోయాక ఒక్కటీ రాలేదు. పెట్టె కదులుతోందో, కడిగే మందే బొమ్మను తినేస్తోందో తేలలేదు.

తేలకపోతే బీరువాలో దాచిన పలక సంగతేమిటన్నది మహెక్ బెంగ. నల్ల కాగితంలో చుట్టిన ఆ పలక మీద ఖైసర్ చేతిరాత ఉంది. "అమ్మీది. ఎవ్వరు కడగొద్దు. వచ్చినంక నేనే కడుగుతా." పోవడానికి రెండు రోజుల ముందు వెలుగు చూపించి, కడగకుండా దాచాడు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. మందులో తప్పుంటే అది కూడా ఉత్త గాజే అవుతుంది.

వాళ్ల అమ్మీ అజీజా రోజూ ఫోన్ చేస్తోంది. "వచ్చే ఐతవారం బర్సీ బేటీ, వాడు పోయి ఏడాదైతది. ఆ రోజుకు నా కొడుకు ఏం దాసిండో చూపియ్యి."

"చూపిస్త ఖాలా" అని మహెక్ మాటిచ్చేసింది.

తలుపు వేస్తూ హరీష్ మెల్లగా అడిగాడు. "ప్రెసిడెంట్ సాబ్, ఒకటి చెప్పు. ఖైసరే పెట్టెను ఊపుతుండంటవా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు" అంది. గాజులు తొందరగా వేసుకుంటుంటే ఒకటి పగిలింది.

మర్నాడు పొద్దున భర్త ముకర్రం చాయ్ పెట్టాడు. పెళ్లయిన మూడో రోజు నుంచీ పొద్దుటి చాయ్ అతనిదే. ఎక్కువ పాలు, తక్కువ చక్కెర, ఒక్క కప్పు, రెండు సాసర్లు. కొత్త ఇంట్లో ఇంకా మంచం కూడా లేదు గానీ పెళ్లికి వచ్చిన గడియారాలు మాత్రం ఏడున్నాయి. ఏడూ ఏడు టైములు చూపిస్తాయి.

"గీ ఏడిట్ల ఏదైనా ఒకటి నిజం చెప్తదేమో" అన్నాడు ముకర్రం.

మహెక్ నవ్వుతూ సాసర్‌ను రేకు పెట్టె మీద, వాటిలో చావి తిప్పే బుల్లి గడియారం పక్కన పెట్టింది. నవ్వు సగంలో ఆగింది. సాసర్‌లోని చాయ్ మీద సన్నని వలయం పుట్టి మాయమైంది. మళ్లీ పుట్టింది. ఒక్కో టిక్కుకూ ఒక్కో వలయం.

"ఏమైంది? చక్కెర ఎక్కువైందా?"

"ముకర్రం, నువ్వు బంగారం" అని అతని చెంప మీద ముద్దు పెట్టి, చాయ్ అట్లానే వదిలేసి చెప్పులేసుకుంది.

ఖైసర్ బతికుండగా వాడి గడియారం క్లబ్బు గది కిటికీ గూట్లో ఉండేది. వాడు పోయాక మొదటి ఆదివారం హరీషే దాన్ని తెచ్చి ఇసుక పెట్టె మూలన పెట్టాడు, వాడు కూడా మన నడుమ ఉండాలని. ఆనాటి నుంచి ప్రతిసారీ చావి తిప్పి మరీ పెడుతున్నారు.

మహెక్ చెప్పింది విని హరీష్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "అంటే ఊపింది నేనా?"

"మనమందరం."

గడియారాన్ని తిరిగి గూట్లో పెట్టి, ఆ రాత్రి క్యాంపస్‌లో బళ్లు ఆగాక పదమూడోసారి తీశారు. చిలుక వచ్చింది, ముక్కు మీది సన్న పగులుతో సహా. మందులో తప్పు లేదు.

ఆదివారం అజీజా భైంసా నుంచి మొదటి బస్సులో వచ్చింది. ఆమెను ఖైసర్ స్టూలు మీదే కూర్చోబెట్టారు. గుడ్డి ఆకుపచ్చ దీపం కింద మహెక్ నల్ల కాగితం విప్పి, పలకను మందులోకి జార్చింది. కడిగి ఆరబెట్టారు.

లేజర్ వేశారు. గాజు వెనుక, చెయ్యి చాస్తే అందేటట్టు, ఒక పింగాణీ కప్పు, అత్తరు సీసా, కళ్లజోడు.

"యా అల్లా, నా అద్దాలు!" అంది అజీజా. "ఏడాదంత దేవులాడిన. దొంగ! అడగకుంట తెచ్చిండు." నవ్వింది. ఆ అద్దాలు ఖైసర్ సంచీతో పాటే వాగులో పోయి ఉంటాయని అక్కడున్న అందరికీ అర్థమైంది.

తర్వాత ఆమె నవ్వు ఆగింది. "నడుమ గా నల్లది ఏంది?"

కప్పుకూ కళ్లజోడుకూ మధ్య చీకటి. మహెక్ తల పక్కకు జరిపి చూసింది. ఆ చీకటికి ఐదు వేళ్లున్నాయి. ఒక చెయ్యి ఉండాల్సిన చోట చెయ్యి ఆకారంలో ఏమీ లేదు. హరీష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"చిటికెన వేలు వంకర" అంది అజీజా. "చిన్నప్పుడు తలుపుల పడ్డది. వాని చెయ్యే. గింత నల్లగెందుకున్నది బేటీ? అప్పటికే... చావు పట్టుకున్నదా?"

మహెక్ స్టూలు దగ్గరికి జరిగింది. చెప్పాల్సింది ఆమే.

"కాదు ఖాలా. కదిలింది పలక మీదికి రాదు. కప్పు కదల్లే, సీసా కదల్లే, అవి వచ్చినయి. మనిషి చెయ్యి ఎంత గట్టిగ ఆపినా నెత్తురు పారుతుంటది, నాడి కొట్టుకుంటుంటది. ఖైసర్‌కు తెల్వదా, నల్లగ వస్తదని? తెలిసే పెట్టిండు."

"అంటే నా కొడుకు..."

"గా నలభై టిక్కులు బతికున్నడు ఖాలా. అందుకే చెయ్యి రాలే."

అజీజా లేచింది. పలక వెనుకకు తన కుడి చెయ్యి పెట్టి, వంకర వేలున్న ఆ చీకట్లోకి మెల్లగా జరిపింది. ఎర్రటి వెలుగులో ఆమె ముడతల వేళ్లు చీకటిని నింపుతూ పోయాయి. గూట్లో గడియారం టిక్కుమంటోంది. గదిలో ఒక్కరూ ఊపిరి తీయలేదు.

నలభై అయింది. ఊపిరి తీస్కోండ్రి అనాల్సింది మహెక్. ఆమె అనలేదు.