మడతల మావయ్య

దుప్పటి కొసను గడ్డం కింద నొక్కిపెట్టి, మధ్యభాగాన్ని ఎడమ మోచేతి దగ్గరే ఆగిపోయిన కురచ చేతితో గుండెకు అదిమి, కుడిచేత్తో అంచును సర్రున లాగి మరో మడత వేశాడు మడతల మావయ్య. ఆ చెయ్యి పుట్టుకతోనే అంత. ఆసుపత్రి బట్టలుతికే గదిలో ఆయన మడతకు వంక పెట్టినవాళ్లు లేరు. ఈవేళ మాత్రం అంచులు కలిసి చావడం లేదు.

"ఏం మావయ్యా, మడతలు కూడా నీ మొహంలాగే ఉన్నాయి," అంది ఇస్త్రీ చేసే అమ్మాయి.

ఆయన నవ్వలేదు. పై అంతస్తులో కూతురు పురిటినొప్పులు పడుతోంది. కాన్పుల వార్డు నుంచి మాసిన బట్టల మూట దిగినప్పుడల్లా చేతిలో పని ఆపేస్తున్నాడు. బిడ్డ చెయ్యి కూడా తన చెయ్యిలాగే ఉంటే? ఐదో నెలలో స్కానింగు తీయించుకొచ్చి "అంతా బాగానే ఉంది నాన్నా" అంది గాని, ఆ ఫోటో మాత్రం చూపించలేదు. అప్పటినుంచీ ఆయనకు తిన్నది ఒంటబట్టలేదు. కడుపుతో ఉండగా ఏం తిన్నానో, ఏం తొక్కానో అని ఆయన్ని కన్నతల్లి చచ్చేదాకా తనను తానే తిట్టుకుంది. ఇప్పుడు తన వంతు వచ్చిందేమోనని భయం.

మధ్యాహ్నం అల్లుడు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆడపిల్ల మావయ్యా. ఇద్దరూ క్షేమమే," అని నేలచూపులు చూశాడు.

ఆయనకు అర్థమైపోయింది. చేతిలో దుప్పటి అక్కడే పడేసి మెట్లెక్కాడు.

మంచం దగ్గర డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "కడుపులో మొదటి వారాల్లోనే పాప ఎడమచెయ్యి ఎదగడం ఆగిపోయింది. మామూలుగా ఇది వంశంలో రాదు. మీకూ, పాపకూ ఎందుకొచ్చిందో పరీక్షలు చేసి చూద్దాం. ఏది తేలినా ఎవరి తప్పూ కాదు. పాప కూర్చోవడం మొదలెట్టాక తేలికపాటి పెట్టుడు చెయ్యి అమరుద్దాం. పెద్దయ్యాక ఇష్టమైతే వాడుతుంది, లేకపోతే మానేస్తుంది."

మాటలు మంచివే గాని ఆయన తలకెక్కలేదు.

"నా వల్లేనమ్మా," అన్నాడు కూతురితో.

"స్కానింగులోనే తెలిసింది నాన్నా. చెప్తే నువ్వు అన్నం మానేసి కూర్చుంటావని దాచాను." అంది. "నాకే భయంగా ఉంది. చొక్కా ఎలా తొడుక్కోవాలో, జడ ఎలా వేసుకోవాలో దీనికి నేనేం నేర్పగలను? నువ్వే నేర్పాలి."

ఆయన పాప నెత్తిమీది పల్చటి జుట్టును వేలితో నిమిరాడు.

"జడ నాకూ రాదే," అన్నాడు చివరికి. "నేర్చుకోవాలి."

పని దిగాక ఇస్త్రీ అమ్మాయి తాను అల్లిన బుల్లి ఊలు చేతితొడుగుల జత వార్డుకు తెచ్చింది. పాప కుడిచేతికి ఒకటి తొడిగి, రెండోదాన్ని పట్టుకుని బిక్కమొహం వేసింది.

"పాప పక్కనే ఉంచమ్మా," అన్నాడు మావయ్య. "మొదటిది పారేసుకుంటే కావాలిగా."

తల్లీబిడ్డల్ని ఇంటికి పంపించిన రోజు, వాళ్లను ఆటో ఎక్కించి వచ్చి ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. కాన్పుల వార్డు మూట దిగింది. పాప పడుకున్న చిన్న దుప్పటిని దులిపాడు. అందులోంచి రెండో తొడుగు రాలింది, ఒక్కసారైనా తొడగనిది, అరచేతిలో ఇమిడేంతది.