చొక్కాకి ఎన్ని ముక్కలు

టైలరమ్మ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరూ నెల్లాళ్ళకి మించి నిలవలేదు. ఆవిడ చెడ్డదేం కాదు. పని కళ్ళబడితే నోరు ఊరుకోదు, అంతే. కుట్టు ఒక నూలు పక్కకి జరిగితే "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా" అనేది. జరగకపోతే, జరుగుతుందేమోనని ముందుగానే ఓ మాట అనేసి పెట్టుకునేది. వీధివైపు గది, రెండు మిషన్లు, కటింగు బల్ల, మూలన ఆవిరి ఇస్త్రీపెట్టె. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే ఆవిడ రాజ్యం, అందులో రాజూ సైన్యమూ కూడా ఆవిడే.

అంతటి మనిషి ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీపెట్టె డబ్బాలో నీళ్ళు అయిపోయాయనుకుని మూత తిప్పింది. నీళ్ళు అయిపోలేదు. ఆవిరి భుస్సుమని లేచి కుడిచేతి మీద పడింది. మణికట్టు మొదలు వేళ్ళ చివరలదాకా చేతి వెనకవైపంతా కాలింది.

"స్విచ్ ఆపి మూత తిప్పాలని గోడ మీద రాయించింది మీరే కదా అత్తయ్యా" అంది కోడలు, ఆస్పత్రికి తీసుకెళ్తూ, ఒకపక్క ఏడుస్తూనే.

"అది నేర్చుకునేవాళ్ళ కోసం. నా కోసం కాదు" అంది టైలరమ్మ పళ్ళు బిగబట్టి.

డాక్టరు కుర్రవాడే కానీ నిదానస్తుడు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చర్మం వస్తుందమ్మా, దానికి దిగుల్లేదు. దిగులు వేళ్ళకే. నొప్పని కదపకుండా ఉంచారంటే కీళ్ళు బిగిసిపోతాయి. రోజూ రావాలి, కట్టు విప్పి కడిగించుకోవాలి, వేళ్ళు ఒక్కొక్కటీ వంచాలి. మూడు వారాలు చూద్దాం. అప్పటికి గుప్పిట పడకపోతే, ఇక కత్తెర పట్టడం కష్టం."

టైలరమ్మ ఇంకేమీ వినలేదు. జడ వేసుకోలేకపోతే కోడలు వేస్తుంది. అన్నం కలుపుకోలేకపోతే కోడలు కలిపి పెడుతుంది. కానీ ఆ కత్తెర కోడలికి లొంగదు. ఈ చెయ్యి లేకపోతే ఆ గదిలో తనెవరు?

ఇంత తెలిసినా, మర్నాడు కట్టు విప్పబోతే మాత్రం ఒళ్ళు మాట వినలేదు. కట్టు విప్పే అరగంట ముందు నొప్పి బిళ్ళ ఇచ్చేవారు. అది కొంత నొప్పిని మింగేది, మిగిలింది ఆవిడకే వదిలేది. గట్టి ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. రోజంతా వాంతులు, తల ఎత్తలేకపోయింది. తల ఎత్తలేని మనిషి వేళ్ళేం కదుపుతుంది? నాలుగో రోజు ఆవిడ కాలు ఆవిడకి తెలియకుండానే లేచి, స్టీలు పళ్ళెం గదంతా దొర్లింది. సగం కట్టుతోనే ఇంటికొచ్చేసింది. దారి పొడుగునా కోడలు ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది టైలరమ్మకి.

అయిదో రోజు వేరే సిస్టర్ వచ్చింది. గుండ్రటి మొహం, నిద్ర చాలని కళ్ళు. ఏ పనికైనా "పది నిమిషాలు" అంటుందని అందరూ ఆ పిల్లని పదినిమిషాల సిస్టర్ అనేవాళ్ళు. పది నిమిషాలని చెప్పి ముప్పావుగంట చేస్తుందని పెద్ద సిస్టర్‌తో తిట్లు తినడం కూడా రోజూ ఉన్నదే.

ఆ పిల్ల టైలరమ్మని బల్ల మీద పడుకోమనలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికింద దిండు పెట్టి ఎత్తు సరిచేసింది. గది తలుపు వేసింది.

"బిళ్ళ ఎప్పుడు వేసుకున్నారు?"

"ఇరవై నిమిషాలైంది."

"అయితే ఇంకో పది నిమిషాలు ఆగుదాం. దాని పని అది చెయ్యనీండి." గోరువెచ్చటి ఉప్పునీళ్ళు కొంచెం కొంచెంగా కట్టు మీద పోస్తూ కూర్చుంది. "అమ్మా, ఒకటే మాట. ఈ చెయ్యి మీది. మీరు ఆపమంటే ఆపుతాను. ఎందుకని అడగను."

టైలరమ్మకి నమ్మకం కుదరలేదు. సిస్టర్ కట్టు కొస పట్టుకోగానే "ఆపు" అంది. ఆగింది. మళ్ళీ పట్టుకోగానే "ఆపు" అంది. మళ్ళీ ఆగింది. మూడోసారి నొప్పి లేకపోయినా ఊరికే "ఆపు" అని చూసింది. అప్పుడూ ఆగింది. ఒక్కసారి చెబితే వినే మనిషిని ఆవిడ ఇన్నేళ్ళలో చూడలేదు.

"మీరు చొక్కాలు కుడతారటగా. ఎలా కుడతారో చెప్పండి" అంది సిస్టర్.

"ఇప్పుడు చొక్కాల ముచ్చటా నీకు?"

"అవున్లెండి. అయినా చొక్కాలో ఏముంది, ముందొక ముక్క, వెనకొక ముక్క, మెడకి ఓ రంధ్రం."

టైలరమ్మ నొప్పి సంగతి పక్కన పెట్టి ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. చూస్తే తెలియట్లేదా?"

"నీ తలకాయ తెలుస్తోంది. ముందే రెండు ముక్కలు, లేకపోతే బొత్తాలు నీ వీపున పెట్టుకుంటావా? వీపుకొకటి. దాని పైన భుజంపట్టీ, అదీ రెండు పొరలు. చేతులు రెండు, చేతి పట్టీలు రెండు, కాలరు, కాలరు కింద పట్టీ, జేబు. లెక్కపెట్టు."

సిస్టర్ లెక్కపెడుతూనే కట్టు పొర ఒకటి తడిపి తీసింది, ఇంకొకటి తీసింది. కాలరు లోపల బిరుసుగుడ్డ ఎందుకు పెడతారో టైలరమ్మ చెప్పడం పూర్తయ్యేసరికి చెయ్యి కడగడం కూడా అయిపోయింది. నొప్పి లేదని కాదు. ఉంది. గదిలోనే ఓ మూల కూర్చుని ఉంది. ఆవిడే దాని వైపు చూడలేదు.

ఆనాటి నుంచి ఇద్దరూ కలిసి రోజుకింత చొక్కా కుట్టారు, గుడ్డ లేకుండా, సూది లేకుండా. గుడ్డ కోసేశాక తడిపి ఆరేస్తే చాలదా అని అడిగింది సిస్టర్. "అప్పుడు నీ చొక్కా మీ పక్కింటి బొమ్మకి సరిపోతుంది. ముందు తడపాలి. తడిస్తేనే గుడ్డ మాట వింటుంది" అంది టైలరమ్మ. "మా కట్టు కూడా అంతేనమ్మా" అంది సిస్టర్, ఉప్పునీళ్ళు పోస్తూ. నొప్పి మరీ ఎక్కువైన చోట "చొక్కా ఆపండి, ఊపిరి వదలండి. దారం కండె విప్పుతున్నట్టు పొడుగ్గా, తెగకుండా" అనేది. అది టైలరమ్మకి వెంటనే తెలిసొచ్చే సంగతి. చివర్లో ఆ పిల్ల ఒక్కొక్క వేలినీ తన వేళ్ళ మధ్య పెట్టుకుని, ఆవిడ చాలన్నంతవరకూ వంచి, అక్కడ పట్టుకుని ఐదు లెక్కపెట్టేది.

ఇంట్లో టైలరమ్మ ఆ పిల్ల గురించి చెప్పని పూట లేదు. "మంచి పిల్లే. చేతులు మెత్తన. బుర్ర మాత్రం గుల్ల. చంక ముందువైపూ వెనకవైపూ ఒకే గుండ్రం అంటుంది. దీన్ని ఎవరు పాస్ చేశారో."

"చొక్కాలకి పాస్ చెయ్యలేదులెండి అత్తయ్యా, చేతులకి చేశారు" అనేది కోడలు. రోజూ ఎనిమిదింటికే అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతుంటే, కోడలు నవ్వు ఆపుకుంటూ తాళం వేసేది.

పదమూడో రోజు టైలరమ్మ కాస్త ముందుగా వెళ్ళింది. కట్లు కట్టే గదిలో మధ్యన తెర ఉంది. తెర అవతల ఒక బస్సు డ్రైవరు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తిప్పి ముంజేయి కాల్చుకున్నాడని బయట చెప్పుకుంటుంటే విని, "పాపం, ఆయనదీ నా జబ్బే, మూత తిప్పే జబ్బు" అనుకుంది. ఇంతలో అవతల నుంచి సిస్టర్ గొంతు వినిపించింది.

"అన్నయ్యా, ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరే కదా వేస్తారు? ఎత్తు పెద్దది కదా మరి."

"ఓరి దేవుడా, నీకు స్టీరింగ్ ఎవరూ ఇవ్వకుండా ఉంటే చాలు తల్లీ. ఎత్తుకి చిన్న గేరు. పెద్దది వేశావంటే బండి నిలబడి నీ మొహం చూస్తుంది."

"మరి దిగేటప్పుడు ఇంజను ఆపేస్తే ఆయిలు మిగులుతుంది కదా?"

డ్రైవరు గొంతు లేచింది. బస్సు మొత్తం అక్కడే విప్పి చూపించేలా ఉన్నాడు. ఆ గొంతు వెనకాల ఉప్పునీళ్ళు బేసిన్‌లో పడే చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

టైలరమ్మకి అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కాయి. ఆరోజు తలనొప్పి అని చెప్పి, వేరే సిస్టర్ చేత కట్టు కట్టించుకుని వచ్చేసింది.

"నన్ను చిన్నపిల్లని చేసి ఆడించింది" అంది ఇంటికొచ్చి.

"ఆడిస్తే ఆడించింది. నొప్పి తగ్గింది కదా అత్తయ్యా."

"అది వేరే సంగతి."

"అదే సంగతి" అంది కోడలు, ఆవిడ జడకి చిక్కు తీస్తూ.

మర్నాడు టైలరమ్మ నోరు కుట్టేసుకుని కూర్చుంది. సిస్టర్ జేబు గురించి అడిగితే గోడ కేసి చూసింది. ఆరోజు నొప్పి మూల నుంచి లేచి వచ్చి ఒళ్ళో కూర్చుంది. "ఆపు" అంది. మళ్ళీ మళ్ళీ అంది. సిస్టర్ అన్నిసార్లూ ఆగింది. చివరికి బేసిన్ పక్కన పెట్టి అడిగింది.

"నిన్న తెర అవతల ఉన్నారా?"

"ఉన్నాను. పెద్ద గేరు కూడా విన్నాను."

సిస్టర్ తల దించుకుంది. "మందు కొంత నొప్పినే మొయ్యగలదమ్మా. మిగిలింది మీరొక్కరే మోస్తుంటే చూడలేక అలా చేస్తాను. కోపమొచ్చిన మనిషికి నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. మొదటిరోజు రెండు ముక్కలన్నది కావాలనే అన్నాను."

"మిగతావి?"

ఆ పిల్ల బేసిన్ అంచు తుడవసాగింది.

"మిగతావి ఏంటి, చెప్పు."

"మిగతావి నాకు నిజంగానే తెలియవు."

"చంక ముందూ వెనకా ఒకటే అన్నావే?"

"ఒకటే అనుకున్నాను."

"ముందు బొత్తాలు కుట్టేసి, వాటికి ఎదురుగా ఎక్కడ కుదిరితే అక్కడ కాజాలు కొయ్యాలన్నావే?"

"అలా కాదా?"

టైలరమ్మకి నవ్వొచ్చింది. ముందు ముక్కుతో వచ్చింది, తర్వాత పొట్టతో. కుర్చీ కిర్రుమంది. అవతల డ్రైవరు "ఏమైందమ్మా" అని తెర పక్కకి లాగి చూశాడు. ఆ నవ్వులోనే కట్టు చివరి పొర తడిసి జారిపోయింది. ఇద్దరూ గమనించనే లేదు.

ఆ పూట నుంచి టైలరమ్మ నేర్పడం మార్చింది. తిట్లు మానలేదు కానీ, పిల్లకి బుర్రకెక్కిందో లేదో తిరిగి అడిగేది. సిస్టర్ వేళ్ళు వంచి ఐదు లెక్కపెడితే, ఆవిడే "ఏడు పెట్టు" అనేది. అయినా ఇరవయ్యో రోజుకి వేళ్ళకీ అరచేతికీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంది. మర్నాడు డాక్టరు చూస్తాడు. ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగా తినలేదు. కోడలు ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, కట్టు బయట మానిన చోటల్లా నూనె రాసింది, సిస్టర్ చూపించినట్టే, కొత్తచర్మం లాగకుండా, గుండ్రంగా, చాలాసేపు.

ఇరవయ్యొకటో రోజు సిస్టర్ కట్టు నాననిచ్చి, ఈలోగా పక్క బల్ల మీద కట్లకి కావలసిన పల్చటి గుడ్డని పెద్ద కత్తెరతో కోస్తోంది. కోస్తోందనడం కన్నా కొరుకుతోందనడం మేలు. టైలరమ్మ కాసేపు ఓర్చుకుంది. ఇంకాసేపు కూడా ఓర్చుకుంది.

"కత్తెర అలా పడతారా ఎవరైనా? పిల్లిపిల్లని మెడ పట్టి ఎత్తినట్టు."

"ఇది మొండిదమ్మా. గుడ్డని నములుతోంది."

"అది కాదు మొండి. ఇటివ్వు."

లాక్కుంది. తడి కట్టు జారి ఒళ్ళో పడింది. బొటనవేలు చిన్న కన్నంలో, మూడు వేళ్ళు పెద్ద కన్నంలో, చూపుడువేలు కింద ఆనింపు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు ఎవరినీ అడగకుండా వెళ్ళి తన చోట కూర్చుంది. "ఇలా. కత్తెర కింది అలుగు బల్ల మీద ఆనాలి. నువ్వు నడవకూడదు, కత్తెరే నడవాలి" అంటూ జానెడు మేర కోసింది.

అప్పుడు నొప్పి వచ్చింది, మోచేతి దాకా. ఆవిడ చూపు చేతి మీదికి దిగింది. వేళ్ళు కత్తెర చుట్టూ మూసుకుని ఉన్నాయి. ఎర్రగా, మెరుస్తూ, వణుకుతూ, కానీ మూసుకుని ఉన్నాయి.

"ఇప్పుడు ఇది నాటకమా, నిజంగా పట్టుకోవడం రాదా నీకు?" అంది. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నిజంగా రాదమ్మా" అంది సిస్టర్. ఆ పిల్ల కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "ఒట్టు."

డాక్టరు వచ్చేసరికి కోడలు గుమ్మంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన చెయ్యి చూశాడు, కోసిన గుడ్డ ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు.

"బాగా కోశారే."

"బాగా ఎక్కడ బాబూ. అంచు వంకరపోయింది, కనబడట్లేదా?" అంది టైలరమ్మ. తర్వాత సిస్టర్ వైపు తిరిగింది. ఎప్పుడూ ఎవరినీ ఒక మంచిమాట అని అలవాటు లేని మనిషి. కాలిన చెయ్యి చాచి ఆ పిల్ల చెయ్యి అందుకుంది. పట్టు గట్టిది కాదు, పావురాన్ని పట్టుకున్నట్టుంది. సిస్టర్ చెయ్యి విడిపించుకోలేదు.

"నా చెయ్యి నాకిచ్చావు తల్లీ" అంది చివరికి. "వంకరగా అయినా ఇచ్చావు. మిగతాది నేను చక్కబెట్టుకుంటాను."