ఉప్పు చూసే మనిషి

మాంసం కూర వండుతాను గానీ నోట్లో పెట్టను. తొమ్మిదేళ్లయింది. నట్లూ బోల్టులూ చేసే ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద పొయ్యి నాది. వారానికి మూడు రోజులు మాంసం, రెండొందల మందికి.

ఎందుకు మానేశావని అందరూ అడుగుతారు. నేను చెప్పేలోపే వాళ్లే చెప్పేసుకుంటారు. కూరగాయలు తరిగేవాడు డాక్టరు వద్దన్నాడన్నాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ మొక్కు అన్నాడు. స్టోరు గుమాస్తా అయితే, "మూగజీవాలంటే జాలి. పెద్దాయన మనసు వెన్న" అని పదిమందిలో పొగిడాడు. అప్పుడు నా చేతిలో కత్తి ఉంది, ముందు ముప్పై కిలోల మాంసం ఉంది. అందరికీ ఊఁ అన్నాను. ఊఁ అంటే పని అయిపోతుంది.

అసలు సంగతి చిన్నది. మా ఆవిడ జబ్బుపడ్డాక మాంసం వాసన పడేది కాదు. నేను తలుపు తీస్తే చాలు, మొహం గోడవైపు తిప్పుకునేది. వీధి కుళాయి దగ్గరే ఒళ్లు రుద్దుకుని, చొక్కా మార్చుకుని లోపలికి వెళ్లేవాణ్ణి. అయినా కనిపెట్టేది. "నోట్లోంచి వస్తోంది" అనేది. తినడం మానేశాను. పది రోజులయ్యాక కాబోలు, "ఇప్పుడు రావట్లేదు. ఇలా వచ్చి కూర్చో" అంది. మంచం పట్టె మీద కూర్చున్నాను. నాలుగు నెలలు అలా కూర్చున్నాను. తర్వాత మంచం ఖాళీ అయింది. నేను మళ్లీ మొదలుపెట్టలేదు. మొదలుపెడితే తను మళ్లీ గోడవైపు తిరిగిపోతుందనిపిస్తుంది.

మరి తిననివాడు ఉప్పెలా చూస్తాడు? గిన్నెలు కడిగే వదిన చూసేది. చుట్టరికం ఏమీ లేదు, క్యాంటీన్లో అందరికీ వదినే. నేను గరిటెతో గుండిగ అంచు మీద రెండుసార్లు కొట్టేవాణ్ణి. తడి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అరచెయ్యి చాపేది. చుక్క వేస్తే నాకి, కళ్లు మూసుకుని కాసేపు ఆగేది.

"ఏం మరిదీ, ఉప్పు డబ్బా ఎవరైనా ఎత్తుకుపోయారా? ఇంకో చిటికెడు వెయ్యి."

లేదంటే, "సరిపోయింది. కూరలో ఉంది ఉప్పు, నీ మాటల్లోనే లేదు. ఒక్క ముక్క మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?"

రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడారంటే ఆ రెండు ముక్కలే. అవి చాలేవి.

పోయిన నెల మోకాళ్లు పట్టేసి వదిన పని మానేసింది. ఆ రోజు గరిటె ఎత్తి ఆగిపోయాను. కూరగాయలు తరిగేవాణ్ణి పిలిచాను. వాడు రుచి చూసి "బ్రహ్మాండం" అన్నాడు. వాడికి అన్నీ బ్రహ్మాండమే. నమ్మకం కుదరక ఇంకో రెండు గుప్పిళ్లు వేశాను. మధ్యాహ్నం కంచాలన్నీ కూరతోనే తిరిగొచ్చాయి. తర్వాతిసారి భయపడి తగ్గించాను. చప్పిడి కూర. ఆ తర్వాత మళ్లీ ఉప్పుకషాయం.

సూపర్‌వైజరు పక్కకు పిలిచాడు. "ముప్పై ఏళ్లుగా నీ చెయ్యి చూస్తున్నాం పెద్దాయనా. ఇలా అయితే కుదరదు. సోమవారం నుంచి నువ్వే నోట్లో వేసుకుని చూడు. కాదంటే పొయ్యి వదిలేసి తరగడానికి కూర్చో. ఒక్క చుక్కేగా, ఏమవుతుంది?"

నిజమే, ఒక్క చుక్కే. ఇంటికి వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని ఆ చుక్క గురించే ఆలోచించాను.

ఆదివారం వదిన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మూడో అంతస్తు.

"మరిదీ! దారి తప్పావా ఏంటి? రా, కూర్చో. మోకాళ్లు లేనిదాన్ని తెచ్చి ఇంతెత్తున పెట్టాడు మా వాడు. పిట్టననుకున్నాడేమో."

కూర చెడడం, సూపర్‌వైజరు అన్న మాట, అన్నీ చెప్పాను. నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం తను ఎప్పుడూ చూడలేదు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నా నాలుకకి రుచి లేదు మరిదీ. అప్పుడు పెద్ద జ్వరం వచ్చిందే, దాంతోనే పోయింది. ఏడేళ్లు. పంచదారైనా ఉప్పైనా నాకు ఒకటే."

"మరి చిటికెడు వెయ్యమనేదానివి?"

"రోజూ సరిపోయిందంటే నమ్ముతావా? అందుకని మధ్యమధ్యలో అలా అనేదాన్ని. అయినా రెండొందల మంది గుండిగలో చిటికెడు ఏ మూలకయ్యా? వంటవాడివేనా నువ్వు?"

ఏడేళ్లు ఆ ముక్క నాకు తట్టలేదు.

"చెప్పలేదేం?" అన్నాను.

"చెబితే గరిటె కొట్టి పిలిచేవాడివా?"

నేను తల తిప్పి కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూశాను.

"నీ చేతికి తెలుసు మరిదీ. నీకే తెలీదు" అంది. ఎందుకు తినవని తను ఒక్కసారి కూడా అడగలేదు. ఈవిడకైనా చెప్పాలనిపించింది. నోరు తెరిచాను. అంతలో తను టీ పెడతానంటూ గోడ పట్టుకుని లేచింది. మూసుకున్నాను.

సోమవారం సూపర్‌వైజరు పొయ్యి పక్కనే నిలబడ్డాడు. నేను గుండిగలోకి చూడకుండా, ఎప్పుడూ వేసినట్టే ఉప్పు వేశాను. చెయ్యి తనంతట తనే ఆగింది.

"రుచి చూడలేదేం పెద్దాయనా?"

"సరిపోయింది."

ఆయనే గరిటె లాక్కుని ఊదుకుని నాకాడు. నా మొహం చూశాడు. గరిటె ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం కంచాలు ఖాళీగా వచ్చాయి. పొయ్యి నాదే.

బుధవారం మళ్లీ మాంసం. ఉప్పు వేసి, గరిటెతో అంచు మీద రెండుసార్లు కొట్టాను. కుళాయి దగ్గర గిన్నెలు కడిగే కొత్తామె తల తిప్పలేదు. ఆమెకు ఆ చప్పుడు ఏమిటో తెలియదు. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

ఉప్పు సరిపోయింది. నాకు తెలుసు. అయినా డబ్బా మూత తీసి ఇంకో చిటికెడు వేశాను.