యాడికని అడగలేదు

మిద్దె మీద పాత చీర పరిచి జొన్న రొట్టెలు ఆరబెడుతున్నాను. ఎండకు అవి అప్పడాల్లా గట్టిపడాలి. అప్పుడే నల్లమల దాటి శ్రీశైలం చేరేదాకా బూజు పట్టవు. ఉగాది దగ్గర పడితే మా ఎమ్మిగనూరులో చాలా మగ్గాలు ఆగిపోతాయి. గుంపులు గుంపులుగా నడకకు బయలుదేరతారు. ఆత్మకూరు దాటాక అంతా అడవే. పగలు నడక, రాత్రి చెట్ల కింద పడక.

"ఎవురికే అన్ని రొట్టెలు?" కింద నుంచి అమ్మ అడిగింది.

"గుంపుకి."

అబద్ధం కాదు. గుంపులో రొట్టెలు అందరూ పంచుకుంటారు. కానీ ఈ జొన్నలు ఏరి మర పట్టించింది మా అవ్వ బసమ్మ. ఆమె ఈసారి నడవకూడదని, బస్సులో పోవాలని నాన్న గట్టిగా చెప్పేశాడు.

కారణం నిరుడు జరిగినది. అడవి మధ్య పెచ్చెరువు దగ్గర గుంపంతా నీళ్ల ఒడ్డునే టార్పాలిన్లు పరిచాం. అవ్వ మాత్రం నిలబడే ఉంది.

"నీళ్లు పగలు మనవి, రాత్రి వాటివి. ముంచుకోని దూరం పోయి పండుకోవల్లప్పా. తాగనీకి వచ్చేటివి మనల్ని దాటుకోని రావల్నా?"

"పులి వచ్చి నిన్ను లేపి దారి అడుగుతాదిలే అవ్వా," అని గుంపు నడిపే బసవరాజ్ నవ్వాడు. అవ్వ చెంబు నిండా నీళ్లు ముంచుకుని, కంబళి చంకన పెట్టుకుని చెట్లలోకి వెళ్లిపోయింది.

తెల్లవారి చూస్తే ఆమె కనబడలేదు. నాన్న గొంతు పోయేలా అరిచాడు. ఎండెక్కాక అవ్వ తనంతట తానే నడిచి వచ్చింది. కేకలు వినపడలేదా అంటే, వినపడ్డాయంది.

"మరి పలకలేదేమమ్మా!" అన్నాడు నాన్న.

"బసమ్మా, బసమ్మా అని పిలిస్తివి. నా కొడుకు నన్ను అమ్మా అంటాడు గానీ పేరు పెట్టి పిలుస్తాడా? అడవిలో పేరు పెట్టి పిలిస్తే పలకగూడదు. ఏ దయ్యమో అనుకుంటి."

అమ్మా అంటే గుంపులో ఆడవాళ్లందరూ తిరిగి చూస్తారని నాన్న పేరు పెట్టి పిలిచాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఈసారి బస్సు అన్నది ఆ రోజే తేల్చేశాడు.

"బస్సులో పోతే మల్లయ్యను చూస్తా, సరే," అంటుంది అవ్వ నాతో. "గుడిలో ఎనక నుంచి నెడతానే ఉంటారు. అడవిలో నన్నెవురూ నెట్టరు. ఆ ఒక్క రాత్రి కోసరమే గదా ఏడాదంతా కాళ్లకు నూనె రాసుకుంటాండేది."

మొన్న ఆమె నడకకు తానూ వస్తానని గుంపులో పేరు చెప్పి రావడానికి బయలుదేరింది. కాలు గడప మీద పెట్టిందో లేదో, మగ్గం గుంతలో నుంచి నాన్న తల ఎత్తాడు.

"యాడికి పోతాండావు?"

అవ్వ కాలు వెనక్కి తీసుకుంది. వచ్చి కూర్చుని గ్లాసుడు నీళ్లు తాగింది. "అడిగితివి గదా. ఇంగ పోయినా పని కాదు."

"అడిగింది నీ కొడుకే అత్తా, అడ్డమొచ్చిన పిల్లి కాదు," అంది అమ్మ.

"పిల్లయితే పక్కకు పోయేది."

ఆ సాయంత్రం దారం చుట్టి ఇస్తుంటే నాన్న నన్ను మెల్లగా అడిగాడు.

"నిరుడు అవ్వ పండుకున్న తావు నువ్వు చూస్తివా?"

చూశాను. ఆ రోజు కంబళి మర్చిపోయి వచ్చిందని తేవడానికి వెళ్లాను. వెడల్పాటి బండ చాటున రాళ్లు ఏరి, ఆకులు పక్కకు ఊడ్చుకుని పడుకుంది. లేచాక ఆ ఆకులు మళ్లీ పరిచింది. కంబళి లేకపోతే నాకు ఆ చోటే తెలిసేది కాదు.

"మరి మనం పండుకున్న కాడ?"

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"దుప్పుల అడుగులు ఉండె నాయనా. మన టార్పాలిన్ల దాకా వచ్చి ఎనక్కి తిరిగినాయి."

"తాగకుండానే పోయినాయా?"

"అట్లనే ఉండాది."

నాన్న నేను చుట్టిన దారం కండెను నాడెలో పెట్టుకున్నాడు. తర్వాత నేత మొదలుపెట్టాడు.

బయలుదేరే రోజు తెల్లవారుతుండగా వీధిలో భజన వినిపించింది. అవ్వ స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, రొట్టెల మూట భుజాన వేసుకుంది. గడప పక్కనే నాన్న టీ తాగుతున్నాడు. అతన్ని చూసి అవ్వ నడవలో ఆగింది. ఒక్క మాట అడిగితే చాలు, ఆమె మళ్లీ కూర్చుంటుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. "అత్తా, యా..."

నాన్న చెయ్యి ఎత్తాడు. అమ్మ ఆ మాట మింగేసింది.

అతను టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. తన టార్చిలైటు తీసి అవ్వ మూటకు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు. అవ్వ అతని మొహం వైపు చూడలేదు. చూస్తే ఎక్కడ మాట వస్తుందోనని కాబోలు. గడప దాటి భజన వినిపించే వైపు నడిచింది.

నాన్న గోడ మీది పెద్ద కంబళి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. ఇద్దరికి సరిపోతుంది అది. నేను నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపాడు.

కంబళి చంకన పెట్టుకుని, పోయొస్తానని కూడా అనకుండా గడప దాటాను.