వజ్రమ్మ పొయ్యి మీద పాలు

పప్పు గరిటె కోసం భాగీరథి మూడో మూట విప్పింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది, గరిటె మాత్రం ఏ దుప్పటి మడతలో దాక్కుందో దానికే తెలియాలి. ఇల్లు మారుతున్నామని పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు ముందే సామానంతా మూటలు కట్టేసింది. పెత్రమాస వెళ్లింది, బతుకమ్మ వెళ్లింది, దీపావళి కూడా వెళ్లిపోయింది. మూటలు మాత్రం గోడ వారగా ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఎవలు కట్టమన్నరు గంత ముందుగాల్ల?" అని మంచం మీద నుంచి అత్త లింగవ్వ అడిగింది. కట్టమన్నది ఆమే. ఆ సంగతి గుర్తు చేస్తే కోడలికి నోరు పెరిగిందంటుంది. ఎందుకొచ్చిన గొడవని భాగీరథి చెంచాతోనే పప్పు కలిపింది.

కొనబోయే ఇల్లు సూరత్‌లో వాళ్లుండే లింబాయత్‌లోనే, రెండు సందుల అవతల. అమ్మేవాడు బిక్షపతి. తమ కులపాయనే, సిరిసిల్ల దిక్కు నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, మరమగ్గాల కార్ఖానాల్లో పనిచేసి పనిచేసి ముసలివాడయ్యాడు. ఇల్లు అమ్మి బార్డోలీలో కూతురి ఇంటి పక్కన ఓ గది తీసుకుంటానన్నాడు. మనవాడే కదా అని భాగీరథి మొగుడు రఘుపతి ఎండాకాలంలోనే బయానా ఇచ్చేశాడు. ఆ బయానా ఆమె మెడలోని గొలుసు, తల్లిగారు పెట్టింది. "తియ్యి" అన్నాడు, తీసింది. తీసేటప్పుడు ఆమె ముఖం చూసి కాబోలు, "ఇల్లు నీ పేరు మీదనే రాపిస్తున్న గద, ఇంకేంది?" అన్నాడు. ఆడవాళ్ల పేరు మీద కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని దస్తావేజులు రాసేవాడు చెప్పాడట. ఆ ముక్క రఘుపతి ఆమెకు చెప్పలేదు. వాళ్లమ్మకు చెబుతుంటే కూలికి చీరలకు లేసు కుడుతూ ఆమె విన్నది.

ఇక అక్కడి నుంచి బిక్షపతి వాయిదాలు. ఆషాఢమన్నాడు. పెత్రమాసల ఇల్లు ఇడుస్తరా ఎవలన్న అన్నాడు. దీపావళికి బజారంతా బంద్, కొట్లు మళ్లీ తెరిచే లాభ్‌పాంచమ్ దాటనీ అన్నాడు. అది కూడా దాటాక, మా ముసల్దానికి తబియత్ బాగలేదన్నాడు. ముసలోడు రేటు పెంచడానికి నాటకాలాడుతున్నాడని రఘుపతి నమ్మకం. నమ్మితే వెళ్లి గట్టిగా అడగొచ్చు కదా! అక్కడ "పెద్దబాపూ" అంటూ చాయ్ తాగి, ఇంటికొచ్చి కంచం నెట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందనేవాడు. ఉప్పు ఎప్పటిలాగే ఉండేది, ఎక్కువైంది వాయిదాలే.

భాగీరథికి ఇంటి మీద ఉన్న ఆశ ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆ ఇంట్లో వెనక ఒక స్నానాల గది ఉంది, లోపల నుంచి గడియ ఉంది. పెళ్లయి సూరత్ వచ్చినప్పటి నుంచీ ఈ వరుస గదుల చాల్‌లో అందరికీ ఒకటే దొడ్డి, ఒకటే నల్లా. చీకటితో లేవాలి, బకెట్ పట్టుకుని వరుసలో నిలబడాలి, నిలబడ్డవాళ్ల చూపులు భరించాలి, లోపలికి వెళ్లిన క్షణం నుంచి బయట తలుపు కొట్టేవాళ్లకు జవాబు చెప్పాలి. నెలసరి రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. పగలు నీళ్లు తాగడం ఎప్పుడో మానేసింది. మొగుడికి ఇల్లంటే నలుగురిలో పరువు, అత్తకు ఇల్లంటే దేవుడి పటాలు పెట్టుకునే గూడు. తనకు ఇల్లంటే ఎవరూ తలుపు కొట్టకుండా తలమీద నీళ్లు పోసుకోవడం. ఇంత చిన్న కోరికకు ఇన్ని నెలలా అని ఆమెకు ఒళ్లు మండిపోయేది. చీర తీసుకుంటే లేసు వంకర పోయేది, విప్పి మళ్లీ కుట్టేది. సేఠ్ మనిషి పార్సిల్ కోసం వచ్చి గొణుక్కుంటూ పోయేవాడు. ఉన్న గది ఓనరు ఎప్పుడు ఖాళీ చేస్తారని రోజూ గుమ్మంలో నిలబడుతున్నాడు. ఇక్కడా కాళ్లు నిలవవు, అక్కడా అడుగు పడదు.

ఇంతలో మూఢాలు ముంచుకొచ్చాయి. పంతులు పెట్టిన ముహూర్తం దాటితే మళ్లీ మాఘం దాకా మంచి రోజు లేదు. లింగవ్వ పట్టుబట్టింది. "ఆళ్లు ఖాళీ చెయ్యకుంటే ఏమాయె? ముహూర్తం మనది. పోయి పాలు పొంగిచ్చి వద్దం, సామాన్లు తర్వాత పోతయ్." రఘుపతికీ ఇది బాగా నచ్చింది. పాలు పొంగితే ముసలోడు ఇక వెనక్కి పోలేడని అతని లెక్క.

అలా ఆ పొద్దున భాగీరథి కొత్త గిన్నె, పాలు, పసుపు కుంకుమలు పట్టుకుని వేరే ఆడమనిషి వంటింట్లోకి నడిచింది. మగవాళ్లిద్దరూ, లింగవ్వా ముందు గదిలో కూర్చున్నారు. వంటింట్లో బిక్షపతి భార్య వజ్రమ్మ అప్పుడే చాయ్ కాస్తోంది. జ్వరమూ లేదు, ఏమీ లేదు. మనిషి నిక్షేపంగా ఉంది. భాగీరథి చేతిలో గిన్నె చూసి తన చాయ్ గిన్నె దించి పక్కన పెట్టింది, తడిగుడ్డతో పొయ్యి తుడిచింది, "పెట్టు బిడ్డా" అంది.

భాగీరథికి సిగ్గుతో చెంపలు వేడెక్కాయి. గోడకు ఆమె గరిటెలు, అరలో ఆమె డబ్బాలు. పొయ్యికి బొట్టు పెడుతుంటే ఇంకొకరి నుదుటి మీద చెయ్యి వేసినట్టు అనిపించింది.

"ఏమనుకోకు పెద్దమ్మా. ముహూర్తం దాటిపోతదంటే..."

"నువ్వేం జేస్తవ్? తెమ్మన్నరు, తెచ్చినవ్." వజ్రమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "పొద్దుగాల్ల లేసేసరికి మా ఆయన, పొయ్యి జర ఖాళీ ఉంచు, వాళ్లు పాలు పొంగిస్తరు అన్నడు. గంతే."

"తబియత్ బాగలేదన్నరు?"

"నాకేమైంది? గుండు లెక్క ఉన్న. ఇల్లు నా పేరు మీద ఉన్నది బిడ్డా. అప్పట్ల ఫీజు మిగుల్తదని నా పేరు రాపిచ్చిండు. ఆఫీసుకు తోల్కపోయి, చూపిన కాడ సంతకం పెట్టు అన్నడు, పెట్టిన. ఇప్పుడు అమ్మనీకె మల్ల గదే సంతకం గావాలె. పా అన్నడు. నేను పోలే."

భాగీరథి చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇన్ని నెలల ఆషాఢాలు, పెత్రమాసలు, లాభ్‌పాంచమ్‌లు అన్నిటి వెనకా ఉన్నది ఈ ముసలామె ఒక్కతేనా?

"అమ్ముడు ఇష్టం లేదా పెద్దమ్మా?"

"ఇష్టమో కాదో అడిగితే గద చెప్పేది! బార్డోలీల బిడ్డ కాడ ఉండుడు నాకు చేదా? కానీ ఈ గోడలకు మట్టి మోసిన. ఈ ఇంట్లనే ముగ్గుర్ని కన్న, ఒకన్ని ఇక్కన్నే పోగొట్టుకున్న. బయానా తీసుకున్నంక గూడ నాతోని చెప్పలే. పక్కింటామె చెప్పింది. అమ్ముదమా అని ఒక్క మాట. ఆ ఒక్క మాట అడిగేదాంక నా కాలు ఈ గడప దాటదు."

నిజం చెప్పాలంటే, అంతా విన్నాక కూడా భాగీరథి మనసు ఆ స్నానాల గది గడియ దగ్గరే ఉంది. తనది తనకు ముఖ్యం. అందుకే బతిమాలింది. "నా మొకం చూసి ఒక్కపారి రా పెద్దమ్మా. నీ కాళ్లు మొక్కుత."

వజ్రమ్మకు కోపం రాలేదు. "నువ్వన్న అడిగినవ్. అడగాల్సినాయన అడగలే" అంది.

పాలు పొంగాయి. తూర్పు దిక్కుకే పొంగాయి. ముందు గది నుంచి లింగవ్వ "పొంగినయా?" అని కేకేసింది, రఘుపతి చప్పట్లు కొట్టాడు. భాగీరథి గ్లాసుల్లో పాలు పోసి తీసుకెళ్లి అందరికీ ఇచ్చింది. బిక్షపతికి ఇస్తూ అక్కడే నిలబడిపోయింది.

"పెద్దబాపూ, పెద్దమ్మను ఒక్కపారి అడుగు."

"ఏమడగాలె?"

"ఇల్లు అమ్ముదమా అని."

బిక్షపతి పకపకా నవ్వాడు. రఘుపతి నవ్వలేదు. "పెద్దోళ్ల ముచ్చట్ల నీకేం పని? లోపలికి పో" అన్నాడు. ఆమె కదల్లేదు. బిక్షపతి అదే నవ్వుతో వంటింటి వైపు తిరిగి, "ఏమే, అమ్ముదమా?" అని అరిచాడు. వజ్రమ్మ గుమ్మంలోకి వచ్చి అతన్ని చూసింది, మళ్లీ లోపలికి వెళ్లింది. ముసలాయన నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు ముఖం మీదే ఉండిపోయింది. గ్లాసు కింద పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. మొదట ఆయన గొంతు, తర్వాత చాలాసేపు ఆమె గొంతు, మధ్యలో ఏడుపు. ఏడ్చింది ఎవరన్నది భాగీరథికి తెలియలేదు.

బయటికి మొదట వజ్రమ్మే వచ్చింది. "సోమవారం వస్త. సంతకం పెడ్త" అంది.

లింగవ్వ చేతులు జోడించి దేవుళ్లందరికీ దండాలు పెట్టింది. రఘుపతి ముఖం వెలిగిపోయింది. నెలల బరువు దిగినవాడిలా కాళ్లు చాపి కూర్చుని భార్య వైపు తిరిగాడు. "అయిపాయె. సోమవారం పొద్దుగాల్ల తయారుండు. రెండు ఫోటోలు దిగు. ఆడ చూపిన కాడ సంతకం పెట్టు, గంతే."

భాగీరథి వజ్రమ్మను చూసింది. వజ్రమ్మ కూడా ఆమెనే చూస్తోంది. ఆ ఇల్లు, ఆ గది, ఆ గడియ అన్నీ సోమవారం దూరంలో ఉన్నాయి. ఊఁ అంటే చాలు. రేపు తన ముసలితనంలో ఓ పొద్దున ఎవరో చిన్నది గిన్నె పట్టుకుని తన వంటింట్లోకి రావడం, తను పొయ్యి తుడిచివ్వడం భాగీరథి కళ్ల ముందు కదిలాయి. నిజంగా భయం వేసింది. ఆ భయంలోనే నోరు తెరిచింది.

"నా పేరు మీద రాపిస్తున్నవు గద. రేపు అమ్మాలంటే నన్ను అడుగుతవా?"

"ఇంక కొననే లేదు, అమ్ముడేంది?"

"అందుకే ముందుగాల్ల అడుగుతున్న. ఫీజు కోసం రాపిస్తున్నవా, నా ఇల్లని రాపిస్తున్నవా? అందరి ముంగట చెప్పు."

రఘుపతి బిక్షపతి వైపు చూశాడు, బిక్షపతి నేల వైపు చూశాడు. "సోమవారానికి అంత కుదిరింది పిల్లా, లొల్లి చెయ్యకు" అంది లింగవ్వ కంగారుగా.

భాగీరథి గోడ వారగా కింద కూర్చుంది. "సోమవారం గాకుంటే ఇంకోనాడు అత్తమ్మా. అమ్మేటోళ్ల కోసం గిన్ని నెలలు ఆగిండ్రు. కొనేదాన్ని నేను. జర నా కోసం గూడ ఆగుండ్రి."